మేనేజర్ల మీద సర్వే, నర్సులతోని నిజం రాయించుడెట్ల?

అందరికీ నమస్తే, మాది మిర్యాలగూడ, ఎంహెచ్ఏ (హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ల పీజీ) ఫైనలియర్. మా దిక్కు ప్రైవేట్ హాస్పిటల్స్ మేనేజర్ల లీడర్‌షిప్ స్టైల్ మీద ప్రాజెక్ట్ చేస్తున్న. బెర్నార్డ్ బాస్, బ్రూస్ అవోలియో అనే ఇద్దరు చేసిన ఎంఎల్‌క్యూ అని లీడర్‌షిప్ కొలిచే ప్రశ్నల ఫారం ఉంది కదా, 45 ప్రశ్నలది, స్ఫూర్తినిచ్చి నడిపించే ట్రాన్స్‌ఫర్మేషనల్, పనికి తగ్గ ఫలితమిచ్చి చేయించుకునే ట్రాన్సాక్షనల్, అసలేం పట్టించుకోని లేసే ఫేర్, మూడూ కొలుస్తది, అదే తీసుకున్న. మేనేజర్ తన గురించి నింపాలె, స్టాఫ్ గూడ ఆయన గురించి నింపాలె. మేనేజర్లు తమకు తామే మంచి మార్కులేసుకుంటరు, అది తెలిసిందే, అసలు తిప్పలు స్టాఫ్‌తోని. ఒక దగ్గరైతే మేనేజర్ సారు పక్కనే కుర్చీ ఏసుకొని కూసుండె, సిస్టర్లు ఒకరి కాగితం చూసి ఒకరు అన్నిటికీ 4, అంటే అన్నిట్ల పెద్ద మార్కే, కొట్టిన్రు. డ్యూటీ రోస్టర్ ఆయన చేతులనే ఉంటది మరి, నైట్లు ఎవరికి కావాలె! పేరు రాయకుండ్రి అన్నా నమ్ముతలేరు. షిఫ్ట్ మారే టైంల బయట ఇచ్చి సీల్ కవర్ల తీసుకోవాల్నా, గూగుల్ ఫామ్ పంపాల్నా? ఆ ఎంఎల్‌క్యూని తెలుగులకు మార్చేటందుకు పర్మిషన్ ఎవరన్నా తీసుకున్నరా, ఎట్ల అడగాలె? జర చెప్పుండ్రి.