‘గశ్శో’ ఇంటిని తెలుగులో ఏమందాం?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను జపాన్‌లోని నగోయాలో ఉంటున్నాను. ఇక్కడి నుంచి బస్సెక్కితే సుమారు మూడు గంటల్లో శిరకావా-గో అనే కొండల మధ్య పల్లె ప్రాంతానికి చేరుకోవచ్చు. గిఫు జిల్లాలోని ఒగిమాచి, పక్కనే తొయామా జిల్లాలోని ఐనోకురా, సుగనుమా, ఈ మూడు ఊళ్ళనీ కలిపి 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మా తెలుగు సంఘం సంచికకి వాటి గురించి రాస్తున్నాను. అక్కడి గడ్డికప్పు ఇళ్ళని ‘గశ్శో-జుకురి’ అంటారు. గశ్శో అంటే జోడించిన అరచేతులు, జుకురి అంటే కట్టిన తీరు. ‘అంజలి గృహాలు’ అని రాస్తే బాగుంటుందా?

జవాబు

చెవికి బాగుంటుంది. కంటికి తప్పుగా కనిపిస్తుందండి. అంజలికి రెండు రూపాలున్నాయి: దణ్ణం పెట్టే చేతులు ఒకటి, దోసిలి ఇంకొకటి. పుష్పాంజలి, జలాంజలి అన్నప్పుడు మనకి తోచేది దోసిలే. దోసిలి పైకి తెరుచుకుని ఉంటుంది. మీరు చెబుతున్న కప్పు దానికి తలకిందులు. వేళ్ళ కొసలు పైన కలుస్తాయి, మణికట్లు కింద ఎడంగా ఉంటాయి. దాదాపు అరవై డిగ్రీల వాలు. మనిషి ఎత్తు దాటి మంచు పేరుకునే ఊరు అది, దోసిలి లాంటి కప్పు పెడితే మొదటి చలికాలమే కూలుతుంది!

మరొకరు

కైమోడ్పు ఇల్లు? చేమోడ్పు ఇల్లు? అచ్చతెలుగు కదా.

జవాబు

నాకూ ఇష్టమైన మాటలే. కానీ మోడ్చడం అంటే మూయడం. కన్ను మోడ్చడం, పువ్వు ముడుచుకోవడం. మోడ్చిన చేతుల మధ్య సందుండదు, ఈ ఇళ్ళలో అసలు సంగతంతా ఆ సందులోనే ఉంది. వాలుగా నిలబెట్టిన ఆ రెండు దుంగలనే అక్కడి వడ్రంగులు ‘గశ్శో’ అంటారు. వాటి నడుమ అటక మీద అటకగా రెండు మూడు అంతస్తులు వేసి పట్టుపురుగులు పెంచేవారు. గాలీ వెలుతురూ రావడానికి కప్పు ముందు వెనకల ఉన్న త్రికోణపు గోడల్లో కిటికీలు పెట్టారు. కింద ‘ఇరొరి’ అనే పొయ్యి నేల మధ్య గుంటలో మండుతుంటుంది. అటకలకి సందులున్న పలకలు పరచడం వల్ల ఆ వేడీ పొగా పై దాకా పాకుతాయి. పొగ పట్టిన గడ్డికి పురుగు చేరదు. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులు ఆ అటక ఎక్కితే ఎవరూ ఏమీ చెప్పకుండానే అర్థమైపోతుంది.

ఇంకో ముచ్చట, ఇది మీ వ్యాసంలో తప్పక రాయండి. పట్టుపురుగుల పెంటా, గడ్డీ, మట్టీ కలిపి ఇంటి నేల కింద గోతుల్లో ఏళ్ళ తరబడి మగ్గబెట్టి పెట్లుప్పు తీసేవారు. ఐనోకురా, సుగనుమా ఉన్న గొకయామా లోయ నుంచి అది కగా సంస్థానానికి తుపాకిమందు కోసం వెళ్ళేది. పైకి దణ్ణం పెడుతున్న ఇల్లు, కింద మందుగుండు సరుకు!

అడిగినవారు

మాస్టారూ, పెట్లుప్పు అనే మాట విని ఎన్నాళ్ళయిందో. పత్రికల్లో ‘పొటాషియం నైట్రేట్’ అనే రాస్తున్నారు. ఇంతకీ పేరు అలాగే ఉంచేయమంటారా?

మరొకరు

ఉంచితే ఉచ్చారణ సరిగ్గా రాయండి. చాలామంది ‘గస్షో’ అని రాస్తున్నారు, మన శ-కారం వత్తుతో ‘గశ్శో’ దగ్గరగా ఉంటుంది. జుకురిలో ‘జు’ జల్లెడలో జ లాంటిది, జయంలో జ కాదు. విడిగా ఉన్నప్పుడు ఆ మాట ‘త్సుకురి’, చుక్కలో చ లాంటి ధ్వని. ఇంకో మాట వెనక చేరితే ఆ చ సరళంగా, అంటే జగా, మారింది. వాడు+చేసె వాడుసేసె అయినట్టు కాదు గానీ, పూచు+కలువలు పూచుగలువలు అయినట్టే అనుకోండి.

జవాబు

సంధి బాగా పట్టుకున్నారు. పేరుంచండి, మొదటిసారి వచ్చినప్పుడు ‘చేతులు జోడించినట్టున్న కప్పు’ అని విప్పి చెప్పండి, తరవాత ‘గశ్శో ఇల్లు’ అని సాగిపోండి. నా మట్టుకు నాకు ఆ పేరు మీద అంత మోజు లేదు. అది దూరం నుంచి చూసినవాళ్ళకి నచ్చే పేరు. గుట్ట మీద నుంచి ఫొటో తీసుకునేవాళ్ళకి చేతులే కనిపిస్తాయి. ఇంటిని నిలబెట్టే మాట వేరే ఉంది: ‘యుయి’.

ఆ మాటకి మూలార్థం కట్టడం, ముడివేయడం. జుట్టు ముడి వేసుకోవడానికి కూడా ఆ క్రియే వాడతారు (మనకి ఇంటి నడికొప్పుకీ తలమీది కొప్పుకీ ఒకే మాట ఉన్నట్టు). పల్లెలో యుయి అంటే ఒకరి పనికి ఊరంతా రావడం. కప్పు గడ్డి ముప్పై నలభై ఏళ్ళకోసారి మార్చాలి. ఒక్క కుటుంబం వల్ల అయ్యేది కాదు. గడ్డి కోసి ఎండబెట్టడం దగ్గర్నుంచి తాడు పేనడం దాకా ముందే పంచుకుంటారు. ఆ రోజున వందమందికి పైగా కప్పెక్కి, ఒకటి రెండు రోజుల్లో ఒక పక్క ముగిస్తారు. ఎవరికి ఎవరు ఎంత పని చేశారో పుస్తకంలో రాసి ఉంచుకునేవారు, తమ వంతు వచ్చినప్పుడు తీర్చడానికి. ఇప్పుడు డబ్బిచ్చి పనివాళ్ళ చేత చేయించడం కూడా ఉంది.

ఇక్కడ మన భాషకి ఒక సదుపాయం ఉంది. తాడు కట్టడానికీ ఇల్లు కట్టడానికీ మనకి ఒకటే క్రియ. సిమెంటు ఇంటిని కూడా ‘కట్టాం’ అంటాం, అందులో ముడి ఎక్కడా లేకపోయినా. శిరకావా-గో కప్పుని నిజంగానే కట్టారు. పైకప్పులో మేకు ఉండదు. దుంగల్ని గడ్డితాళ్ళతోనూ ‘నెసో’ అనే పచ్చి కొమ్మలతోనూ బిగిస్తారు. ఆ కొమ్మ ఆరేకొద్దీ ముడి ఇంకా బిగుస్తుంది. గాలికీ మంచు బరువుకీ కప్పు కాస్త కదులుతుంది, విరగదు. ‘గడ్డి ఇల్లు నిర్మించారు’ అని రాయకండి. ‘కట్టారు’ అనండి.

మరొకరు

మా గోదావరి వైపు తాటాకు పాకని ‘నేయడం’ అంటారండీ. బట్ట నేసినట్టే. కప్పు పనికి అది కూడా బాగుంటుందేమో.

జవాబు

బాగుంటుంది, గడ్డి పరిచే పనికి. దుంగలకి మాత్రం కట్టడమే.

అడిగినవారు

సరే. మరి యుయికి తెలుగేమిటి? ‘శ్రమదానం’ అని రాశాను.

జవాబు

దానం కాదు కదా, లెక్క రాసుకుని తీర్చే పని. వరినాట్లకి ఒకరి పొలానికి ఒకరు వెళ్ళే ‘బదులు’ పని దీనికి దగ్గర. అందులో ఊరంతా అన్న అర్థం రాదనుకుంటే ‘కట్టు’ అనే చూడండి. ‘కట్టుబాటు’ కూడా అందులోంచి వచ్చిందే. 1950, 60ల్లో శో నది మీద ఆనకట్టలు కట్టాక కొన్ని పల్లెలు మునిగాయి, కుటుంబాలు వలసపోయాయి, ఎన్నో ఇళ్ళు అమ్ముడుపోయాయి. అప్పుడు ఒగిమాచి జనం 1971లో సంఘం పెట్టుకుని మూడు మాటలు అనుకున్నారు: అమ్మం, అద్దెకివ్వం, కూలగొట్టం. అది చట్టం కాదు, కట్టుబాటు. మిగిలిన ఇళ్ళు దానివల్లే మిగిలాయి. 1976లో ప్రభుత్వ రక్షణ వచ్చింది, యునెస్కో ఆ తరవాతే.

మరొకరు

ఆ ఇళ్ళలో మనుషులు ఇప్పటికీ కాపురం ఉంటున్నారని కూడా రాయండి. ఒగిమాచిలో వాదా వారి ఇల్లు లాంటివి టికెట్ కొని చూడొచ్చు, కొన్నింట్లో రాత్రి బస చేయొచ్చు, మిగిలినవి ఎవరో ఒకరి ఇళ్ళు. మ్యూజియం అనుకుని గుమ్మంలో తొంగి చూసే టూరిస్టులతో వాళ్ళకి రోజూ చికాకే. నిప్పంటే అక్కడ టెన్షన్ మామూలుగా ఉండదు. శరదృతువు చివర్లో ఊరి నీటిగొట్టాలన్నీ ఒక్కసారి వదిలి పరీక్షిస్తారు, ఇళ్ళ మీదుగా నీళ్ళు ఫౌంటెన్లలా లేస్తాయి. దాన్ని చూడటానికీ జనం వస్తారు. గొకయామా పాట ‘కొకిరికో’ గురించి రాస్తున్నారా? 108 చెక్కముక్కల్ని దారానికి గుచ్చి చేసిన ‘ససరా’ పట్టుకుని ఆడతారు, సెప్టెంబర్‌లో.

అడిగినవారు

ససరాకి ‘చిడతలు’ అని రాసి ఉంచాను.

మరొకరు

చిడతలు జతగా ఉండే చెక్కలే కదండీ. ఇది దండలా వంగుతుంది, ఊపితే ముక్కలన్నీ వరసగా కొట్టుకుంటాయి. ‘చెక్కల దండ’ అనండి.

జవాబు

చెక్కల దండకే నా ఓటు. యుయికి ‘కట్టు’ అని పెట్టి, పక్కన జపనీస్ మాట ఒకసారి ఇవ్వండి. సంచిక అచ్చయ్యాక లింకు ఇక్కడ పెట్టండి.