అప్‌డేట్: అమ్మ పాదాల వాపు, ఈ-సంజీవనిలో మాట వినిపించని సమస్య రెండూ తీరాయి

పి.గన్నవరం దగ్గర లంకలో ఉంటున్న అమ్మకు పాదాలు వాస్తున్నాయని, వరదకు కాజ్‌వే మునిగి ఆసుపత్రికి వెళ్లలేకపోతున్నామని, వీడియోలో డాక్టరుతో మాట్లాడే ప్రభుత్వ సేవ ఈ-సంజీవనిలో వీడియో కలిసినా మా మాట డాక్టరుకు వినిపించడం లేదని ఇక్కడ అడిగాను. సమాధానాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్ నుంచే మాట్లాడమన్న సలహా పనిచేసింది. అక్కడి ఆరోగ్య కార్యకర్త ముందుగా బీపీ, షుగర్ చూసి డాక్టరును కలిపారు. డాక్టరు చెప్పినట్టు అమ్మ చీలమండ పైన బొటనవేలితో కాసేపు నొక్కి వదిలి, పడిన గుంటను కెమెరాకు దగ్గరగా చూపించారు. ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చుంటే ఆ పని మాకు తెలిసేదే కాదు.

తర్వాత డాక్టరు అమ్మ వాడే మాత్రల అట్టలన్నీ చూపించమన్నారు. ఆయనకు బీపీకి వేసుకుంటున్న ఆమ్లోడిపిన్ మీద అనుమానం వచ్చింది. ఆ మందుతో కొందరికి పాదాలు వాస్తాయట. వరద తగ్గాక మూత్ర పరీక్ష, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించాం. కిడ్నీలు బాగున్నాయని తేలాక మందు మార్చారు, వాపు తగ్గిపోయింది. దయచేసి ఇది చదివి ఎవరూ సొంతంగా బీపీ మాత్ర మానకండి.

కొందరు సూచించినట్టు సిమ్ మార్చడం, ఆభా నంబరు (ప్రభుత్వ ఆరోగ్య ఖాతా నంబరు) తీసుకోవడం మాకు అవసరం పడలేదు. మాట వినిపించకపోవడానికి కారణం సిగ్నల్ కాదు, ఫోను బ్రౌజర్‌లో మైకుకు అనుమతి లేకపోవడం. అది సరిచేశాక రెండోసారి ఇంటి నుంచే మాట్లాడాం, మందుల చీటీ కూడా ఫోనులోనే దించుకున్నాం.