నెల సరుకులు తెచ్చుకున్నా యాప్ ఆర్డర్లు ఆగడం లేదు, ఎలా తగ్గించాలి?

ప్రశ్న
నలుగురం ఉంటాం, హైదరాబాద్. నెల మొదట్లో సరుకులన్నీ తెస్తున్నా, పది నిమిషాల డెలివరీ యాప్‌లో రెండు రోజులకోసారి ఏదో ఒకటి తెప్పిస్తూనే ఉన్నాం. ఇంకోపక్క ఎక్కువగా తెచ్చిన పెసరపప్పు, బొంబాయి రవ్వ పురుగు పడుతున్నాయి. కొనడం తగ్గించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

లెక్కలపుస్తకం
సరుకుల చీటీ అంచనాతో రాస్తున్నారేమో, ముందు అది మానండి. ప్యాకెట్ విప్పిన రోజు డబ్బా మీద చిన్న టేపు అంటించి తేదీ వేయండి, అయిపోయిన రోజు ఇంకో తేదీ. కిలో కందిపప్పు 2న విప్పితే 10న అయిపోయిందనుకోండి, అంటే 8 రోజులు. 30ని 8తో భాగిస్తే 3.75, కాబట్టి నెలకు 4 కిలోలు. పప్పులు, నూనె, పంచదార, కాఫీపొడి, సబ్బులు అన్నిటికీ ఇలాగే రెండు నెలలు చేయండి. పండుగ నెలను లెక్కలో కలపకండి, అంకె పెరిగిపోతుంది.

ధర చూసేటప్పుడు ప్యాకెట్ ధర కాదు, కిలో ధర చూడండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. పక్కనే అదే ఎత్తున్న ప్యాకెట్‌లో 800 గ్రాములే ఉండొచ్చు.

నిదానం
పై లెక్క సరైనదే గానీ, అసలు ఖర్చు యాప్‌లోనే పోతోంది. యాప్ తీసేస్తే నాలుగో రోజు మళ్లీ ఎక్కించేస్తారు. దానికంటే నోటిఫికేషన్లు ఆపండి, దాచిన కార్డులు తీసేయండి, యూపీఐ లైట్ ఆపేయండి. చిన్న మొత్తాలకు అది పిన్ అడగదు, అందుకే డబ్బు పోతున్నట్టే అనిపించదు. యూపీఐ యాప్‌లో ఆటోపే (దానంతటదే డబ్బు కట్ అయ్యే ఏర్పాటు) జాబితా కూడా తెరిచి చూడండి, వాడని సభ్యత్వాలు అక్కడ బయటపడతాయి.

సరుకుల డబ్బుకు వేరే ఖాతా పెట్టి, నెల మొదట్లో అందులో వేసి, ఫోన్‌లో యూపీఐకి ఆ ఒక్కటే కలపండి. అయిపోయిన వస్తువును ఫ్రిజ్ మీది కాగితంలో రాసి, వారానికి ఒక్కరోజే, శనివారం అనుకోండి, కొనండి. ఆ రోజు వచ్చేసరికి జాబితాలో సగం అక్కర్లేదని కొట్టివేయొచ్చు.

ఉచిత డెలివరీ కోసం బుట్ట నింపకండి. 30 రూపాయలు తప్పించుకోవడానికి 90 రూపాయల చిప్స్ కొంటే 60 నష్టమే.

వంటింటివారు
పురుగు సంగతి చెప్తానండి. గుడ్లు చాలాసార్లు కొట్లోనే పడి ఉంటాయి, ఇంట్లో వెచ్చదనానికి పొదుగుతాయి. మూత ఎంత బిగించినా లాభం లేనిది అందుకే.

పెసరపప్పు మంచి ఎండలో ఒక పూట ఆరబోసి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి. వేడిగా పోస్తే మూతకు చెమ్మ పట్టి బూజు వస్తుంది. కందిపప్పుకైతే కిలోకు చెంచాడు ఆముదం అరచేతికి రాసుకుని పట్టించండి. వండేముందు గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు కడిగితే వాసన పోతుంది.

రవ్వకు ఆముదం పనికిరాదు. ప్యాకెట్‌తో సహా వారం ఫ్రీజర్‌లో పెట్టండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా విప్పకండి, లేదంటే తడి పట్టి ఉండలు కడుతుంది.

ప్రశ్న అడిగినవారు
ఫ్రీజర్‌లో చోటు లేదండి. మరి రవ్వకు వేరే దారి ఉందా?

వంటింటివారు
సన్న మంట మీద రంగు మారకుండా, వేడి రవ్వ అంతటికీ తగిలేలా కలుపుతూ వేయించి, పళ్లెంలో ఆరబెట్టి పోసుకోండి. ఉప్మా పని కూడా సగం అయిపోయినట్టే. పాత రవ్వ మిగిలిన డబ్బాలో కొత్తది కలపకండి. డబ్బా కడిగి ఎండబెట్టాకే పోయాలి.

లెక్కలపుస్తకం
ఒకటి చేర్చాలి: నెల లెక్క అన్నిటికీ పెట్టుకోకండి. శనగపిండి, గోధుమపిండి వాసన మారిపోతాయి, పదిహేను రోజులకు సరిపడానే తెచ్చుకోవడం మంచిది. కిలో మీద ఐదు రూపాయలు తగ్గిందని ఐదు కిలోలు తెచ్చి ఒక కిలో పారబోస్తే, తగ్గింపు కంటే పారబోసిన దాని విలువే ఎక్కువ.