ఫేస్ విడిగా బిగించే రేడియో సెట్: నల్ల వైరు బ్యాటరీకా, బాడీకా?

వంశధార_గట్టు

తుపాను రోజులకని రెండు బళ్లకు హామ్ సెట్లు (లైసెన్సుతో వాడే అమెచ్యూర్ రేడియోలు) బిగిస్తున్నాం. ఒకటి పాత డీజిల్ జీపు. రెండోది కొత్త పెట్రోలు కారు, సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగి, క్లచ్ తొక్కగానే అందుకునే రకం. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటూ ఫోన్లూ ఏ గతి పట్టాయో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. సెట్లు రెండు బ్యాండ్లవి, 50 వాట్లవి. ఫేస్ (తెరా బటన్లూ ఉండే ముందు పలక) ఊడదీసి డ్యాష్‌బోర్డు మీద, పెట్టె సీటు కింద. లైసెన్సులు ఉన్నాయి, ఆ చర్చ వద్దు.

సెట్టుతో వచ్చిన పుస్తకంలో ఎర్ర వైరూ నల్ల వైరూ రెండూ నేరుగా బ్యాటరీకే, రెండింటికీ ఫ్యూజు అని ఉంది. కారు ఎలక్ట్రీషియన్ మాత్రం నలుపు బాడీకి కొట్టెయ్యమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

నాగావళి_73

పుస్తకం మాటే. రెండూ బ్యాటరీకే. కారణం లెక్కలో ఉంది.

50 వాట్లు బయటికి పంపాలంటే సెట్టు మోడల్‌ను బట్టి 9 నుంచి 13 ఆంపియర్ల దాకా లాగుతుంది. 11 అనుకుందాం. బ్యాటరీ నుంచి సీటు కిందకు వంపులన్నీ కలిపి 4 మీటర్లు, రానూ పోనూ 8. రాగి వైరు 2.5 చదరపు ఎంఎం అయితే మీటరుకు సుమారు 7.4 మిల్లీ ఓమ్‌లు, 8 మీటర్లకు 59. అంటే మాట్లాడటానికి మైకు నొక్కినప్పుడల్లా 0.65 వోల్టులు దారిలోనే పోతాయి. 4 ఎంఎం వేస్తే 0.4, 6 ఎంఎం వేస్తే 0.27. ఇంజను నడుస్తుంటే 14 వోల్టులు ఉంటాయి కాబట్టి ఏ వైరైనా నడుస్తుంది. ఇంజను ఆపితే బ్యాటరీ 12.5 దగ్గర ఉంటుంది, బరువు పడగానే ఇంకా దిగుతుంది. ఈ సెట్లకు 13.8కి 15 శాతం అటూ ఇటూ అని రాసి ఉంటుంది, అంటే కింది హద్దు 11.7. తుపానులో మనం మాట్లాడేది ఇంజను ఆపిన బండిలోంచే కదా.

బాడీ ఎర్త్ అంటే ఆ రేకు, ఈ బోల్టు, మధ్యలో పెయింటు, తుప్పు. బారువ, కళింగపట్నం వైపు తిరిగే బండిలో ఉప్పుగాలికి బోల్టు కింద పచ్చగా, తెల్లగా ఏం పేరుకుంటుందో ఒకసారి విప్పి చూడండి. రెండేళ్లలో మిల్లీ ఓమ్‌లు కాస్తా ఓమ్‌లవుతాయి.

చంపావతి

నాగావళి గారి లెక్క తప్పు కాదు, ఎర్ర వైరు వరకు నూటికి నూరు పాళ్లూ ఒప్పుకుంటాను. నల్ల వైరు దగ్గరే పేచీ.

కొత్త కారు బ్యాటరీ నెగటివ్ కొనమీద చూడండి. టెర్మినల్ క్లాంపుకే అంటుకుని అగ్గిపెట్టెంత నల్ల ప్లాస్టిక్ ముక్క, దాన్లోంచి సన్నటి వైర్ల ప్లగ్గు కనిపిస్తే అది బ్యాటరీ సెన్సార్. బ్యాటరీలోంచి ఎంత కరెంటు పోయింది, ఎంత వచ్చింది అన్నది అదే లెక్కపెడుతుంది. ఇంజను ఆపాలా వద్దా, ఛార్జింగ్ ఎంత ఇవ్వాలి అన్నది ఆ లెక్క మీదే నడుస్తుంది. మీ నల్ల వైరు నేరుగా బ్యాటరీ పోల్‌కి బిగిస్తే 11 ఆంపియర్లు ఆ సెన్సార్‌ని తప్పించుకుని పోతాయి. బ్యాటరీ సగమైపోయినా కారు నిండుగా ఉందనుకుంటుంది. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఇంజను ఆగుతుంది, మళ్లీ సెల్ఫ్ అందుకోదు.

కాబట్టి ఆ కారుకు నలుపు వెయ్యాల్సింది సెన్సార్‌కి అవతల: బ్యాటరీ నెగటివ్ కేబుల్ బాడీ రేకుకు ఎక్కడ బిగించారో ఆ బోల్టు దగ్గర. కారు తయారీదార్లలోనూ కొందరు రేడియో బిగించే వాళ్లకు ఇదే చెబుతారు: పాజిటివ్ బ్యాటరీకి, నెగటివ్ బాడీ ఎర్త్‌కి.

నాగావళి_73

సెన్సార్ ఉన్న కారు అంటే సరే, అది వేరే కథ. పాత జీపుకి సెన్సార్ ఏదీ? దానికెందుకు బాడీ?

చంపావతి

దానికీ కారణం ఉంది. బ్యాటరీ నుంచి ఇంజనుకు, బాడీకి లావుపాటి ఎర్త్ స్ట్రాపులు ఉంటాయి. పాత బళ్లలో మొదట చెడేది అవే. ఇంజను స్ట్రాపు వదులైంది అనుకోండి. సెల్ఫ్ కొట్టగానే వందకు పైగా ఆంపియర్లకు తిరిగి వెళ్లే దారి కావాలి. సీటు కింద మీ రేడియో పెట్టె ఇనుప బ్రాకెట్‌తో రేకుకు బిగించి ఉంది. యాంటెన్నా కేబుల్ పైజాలు (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) కూడా రేకుకు తగిలి ఉంది. పెట్టె నుంచి నల్ల వైరు నేరుగా బ్యాటరీకి. ఇక ఆ కరెంటు మీ 4 ఎంఎం వైరు మీద పడుతుంది. వైరు పొయ్యి మీద పెట్టినట్టే.

నాగావళి_73

అందుకే కదా పుస్తకం నల్ల వైరుకీ ఫ్యూజు పెట్టమన్నది! అది కొట్టేస్తుంది, వైరు మిగులుతుంది.

చంపావతి

ఫ్యూజు కొట్టేశాక ఏం జరుగుతుందో కూడా చెప్పండి మాస్టారూ. నల్ల వైరు తెగినా సెట్టు ఆగదు. బ్రాకెట్ గుండా, కేబుల్ పైజాలు గుండా బాడీ నుంచే కరెంటు తిరిగి వెళ్తుంది, సెట్టు మామూలుగానే మాట్లాడుతుంది. ఫ్యూజు పోయిందని ఎవరికీ తెలీదు. 11 ఆంపియర్లూ సన్న యాంటెన్నా కేబుల్ అల్లిక మీదుగా నెలల తరబడి పోతుంటాయి. నెగటివ్‌లో ఫ్యూజు అనేది చెడిపోయినా చెప్పని కాపలాదారు.

గోస్తని_మెకానిక్

అదేటండీ, యాంటెన్నా దారి అన్ని బళ్లకీ ఒకటే అన్నట్టు మాట్లాడతన్నారు ఇద్దరూ. మాగ్నెట్ బేస్ యాంటెన్నా అయితే దాని అడుగున ప్లాస్టికో రబ్బరో పొర, దాని కింద టాపు పెయింటు. డీసీ కరెంటుకు అక్కడ దారి లేదు. రేడియో తరంగాలకు ఆ పొర కెపాసిటర్‌లా పనికొస్తుంది, అంతే. మీటరు పెట్టి చూడండి, కేబుల్ పైజాలుకీ టాపు రేకుకీ మధ్య ఏమీ చూపించదు. టాపుకి చిల్లు పెట్టి బిగించినదీ, డిక్కీ అంచుకి స్క్రూలతో పట్టించినదీ అయితే చంపావతి గారి మాట కరెక్టు.

బ్రాకెట్ కూడా అంతే. సీటు కింద కార్పెట్ మీద ప్లాస్టిక్ పలక వేసి, దాని మీద పెట్టె బిగిస్తే ఆ దారీ పోయింది. ముందు మీటరు తీసి బండిలో ఎక్కడెక్కడ తగిలి ఉందో చూసుకుని తర్వాత కొట్టుకోండి.

కొత్తవలస_జంక్షన్

ఇంత గొడవ ఎందుకు, ఫోన్ ఛార్జరు పెట్టుకునే సాకెట్‌లో గుచ్చేస్తే పోలా?

నాగావళి_73

పోదు బాబూ, కాలుతుంది. ఆ సాకెట్ మీద మామూలుగా 120 వాట్లు అని ఉంటుంది, అంటే 10 ఆంపియర్లు. పైగా అది స్ప్రింగు కొన మీద నిలబడే కాంటాక్టు, వదులైతే ప్లగ్గు మెత్తబడి వాసనొస్తుంది. సెట్టుని 5 వాట్ల మీద పెట్టుకుంటే 4, 5 ఆంపియర్లతో సరిపోతుంది కాబట్టి ఒక పూటకు నడుస్తుంది. 50 మీద నొక్కితే సాకెట్ ఫ్యూజు పోతుంది, దాంతోపాటు అదే ఫ్యూజు మీద ఉన్నవీ ఆగుతాయి.

ఈ ఒక్క విషయంలో చంపావతి గారూ నేనూ ఒకటే అనుకుంటాను.

చంపావతి

ఒకటే.

సాలూరు_ఘాట్

మా లారీకి కూడా పెట్టుకోవచ్చా? రెండు బ్యాటరీలున్నాయి, ఒకదాన్నుంచి 12 తీసుకుంటే చాలంటున్నారు.

గోస్తని_మెకానిక్

వద్దు. రెండూ వరసలో కలిపి 24 వోల్టులు. ఒక్కదాన్నుంచే లాగితే అది ఎప్పుడూ సగం ఖాళీ, రెండోది ఎప్పుడూ పొంగుడు. ఆల్టర్నేటర్‌కి మొత్తం వోల్టేజే కనిపిస్తుంది, ఏది ఎంతుందో దానికి తెలీదు. కొన్నాళ్లకి రెండూ పోతాయి. 24 నుంచి 13.8 ఇచ్చే కన్వర్టర్ తీసుకోండి, ఆగకుండా 15 ఆంపియర్లు ఇచ్చేది. పీక్ 20 అని డబ్బా మీద రాసి, లోపల 10 ఇచ్చేవి ఉంటాయి, చూసుకోండి. నేరుగా 24 తగిలించారంటే సెట్టు అక్కడికక్కడే అయిపోయినట్టే.

వంశధార_గట్టు

అందరికీ దండాలు. రెండు బళ్లకి రెండు రకాలు అన్నమాట. వైరు ఇంజను వైపు నుంచి లోపలికి తేవడం, ఫేస్ కేబుల్ సంగతీ చెబితే ఆదివారం పని మొదలెడతాం. ఫేస్ కేబుల్ పొడవు చాలట్లేదు, కంప్యూటర్ నెట్ కేబుల్ వాడొచ్చని ఒకరన్నారు.

గోస్తని_మెకానిక్

ఎర్ర వైరు: 4 ఎంఎం, లేదంటే 6. ఇంటి వైరింగుకు వాడే పోగుల వైరు అయినా ఫర్వాలేదు గానీ ఇంజను వేడికి దగ్గరగా పోనివ్వకండి, పొడవునా గాడి పైపు తొడగండి. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. సెట్టు దగ్గర పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న 4 మీటర్లకూ కాపలా లేనట్టే. రేకు అంచుకి రాసుకుని షార్టయితే ఆపేది ఏదీ ఉండదు. ఫ్యూజు విలువ సెట్టు పుస్తకంలో ఎంతంటే అంతే. మాటిమాటికీ పోతోందని 30 వెయ్యడం మాత్రం చెయ్యకండి.

ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకుకి కొత్త చిల్లు పెట్టే ముందు కంపెనీ వైర్లు వచ్చే రబ్బరు గ్రోమెట్ వెతకండి. దాని చనుమొనలాంటి మూసిన కొస ఒకటి చాలా బళ్లలో ఖాళీగా ఉంటుంది, దాన్ని కోసి వైరు దూర్చాలి. దూర్చే ముందు వైరుని బయట వైపు కాస్త కిందకి వంచి వదలండి, వానకి నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, లోపలికి రాదు.

లగ్గులు (వైరు కొసకు తొడిగే లోహపు ముక్కలు) ప్లయర్‌తో నొక్కి వదిలేయొద్దు, క్రింపింగ్ టూల్‌తో కొట్టాలి. టంకం పోస్తే ఇంకా గట్టి అనుకుంటారు. టంకం పోగుల్లోకి పైకి పాకి, అది ఆగిన చోట వైరు కడ్డీలా బిగుసుకుని, ఇంజను అదురుకి సరిగ్గా అక్కడే తెగుతుంది.

సీటు కింద పసుపు రంగు తొడుగు ఉన్న వైర్లుంటే అవి ఎయిర్‌బ్యాగువి. వాటిని కదపొద్దు, వాటితో కలిపి కట్టొద్దు. సీటు ముందుకీ వెనక్కీ జరిపి చూసి, పట్టాలో ఏ వైరూ నలగట్లేదని తేల్చుకున్నాకే పెట్టె బిగించండి. బాడీ ఎర్త్ కోసం సీటు బెల్టు బోల్టు విప్పొద్దు. డ్యాష్‌బోర్డు మీద ఫేస్ కూడా ఎయిర్‌బ్యాగు తెరుచుకునే చోట పెట్టకండి, అది ఎగిరొచ్చి ముఖానికే తగులుతుంది.

చంపావతి

ఫేస్ కేబుల్ గురించి జాగ్రత్త. కొన్ని సెట్లకు 6 పిన్నులు, కొన్నింటికి 8. అచ్చం ఫోన్ వైరులాగో నెట్ కేబుల్‌లాగో కనిపిస్తుంది. ఫోన్ వైర్లలో చాలావాటికి రెండో కొస తిరగేసి ఉంటుంది: ఒక వైపు 1వ పిన్ను, రెండో వైపు 6వ పిన్ను. ఫేస్‌కి వెళ్లే కరెంటు కూడా ఆ పిన్నుల్లోనే ఉంటుంది కాబట్టి తిరగేసింది గుచ్చితే ఫేస్ కాలే ప్రమాదం ఉంది. రెండు కొసలూ పక్కపక్కన, క్లిప్పు ఒకే వైపు ఉండేలా పట్టుకుని రంగులు చూడండి, తర్వాత మీటరు బజర్‌తో పిన్ను పిన్నూ చూడండి. సెట్టుతో వచ్చిన కేబుల్ ఎలా ఉందో కొత్తదీ అలాగే ఉండాలి, అంతే సూత్రం.

ఇంకొకటి: చాలా సెట్లలో మైకు ఫేస్‌కి కాదు, పెట్టెకే గుచ్చాలి. పెట్టె సీటు కింద ఉంటే మైకు తీగ స్టీరింగ్ దాకా రాదు. మైకు ఎక్స్‌టెన్షన్ విడిగా కొనాలి. స్పీకరూ పెట్టెలోనే కాబట్టి సీటు కింద నుంచి గొణుగుడే వినిపిస్తుంది, 3.5 ఎంఎం జాకు బయటి స్పీకరు ఒకటి పెట్టండి. ఈ మూడింటి ఖర్చూ కలిపి చూసుకునే ఫేస్ విడదీయాలో వద్దో అనుకోవాలి. జీపులో జాగా ఉంటే విడదీయకుండా మొత్తం సెట్టు డ్యాష్‌బోర్డు కిందే వేలాడదీయడం మేలని నా అభిప్రాయం.

నాగావళి_73

బిగించాక పరీక్ష చెయ్యకుండా వదలకండి. యాంటెన్నా తీసి డమ్మీ లోడు (యాంటెన్నాకు బదులు సెట్టు పవరు తీసుకునే రెసిస్టరు) పెట్టండి, ఇంజను ఆపండి. ఒకరు మైకు నొక్కుతుంటే ఇంకొకరు మీటరు ఒక కొసని బ్యాటరీ పాజిటివ్ పోల్‌కి, రెండో కొసని సెట్టు దగ్గర ఎర్ర వైరు కనెక్టర్‌కి పెట్టాలి. వచ్చేది నేరుగా ఎర్ర వైరు తినే వోల్టేజి. అలాగే బ్యాటరీ నెగటివ్ నుంచి సెట్టు దగ్గర నల్ల వైరుకి. 4 ఎంఎంకి ఒక్కో వైపు 0.2 దాకా రావాలి. ఫ్యూజు హోల్డరుకి కాస్త కలుపుకోండి. ఎర్ర వైపు 0.2, నల్ల వైపు 0.6 వచ్చిందంటే ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకలేదని అర్థం. ఆలోచించక్కర్లేదు, అంకె చెప్పేస్తుంది.

చంపావతి

గీకి, పళ్ల వాషరు వేసి, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాయండి. ముందు రాసి తర్వాత బిగించొద్దు. తీరం బళ్లకు ఏటా వానలకు ముందు ఈ పరీక్షే మళ్లీ ఒకసారి చెయ్యండి, అంకె పెరిగితే బోల్టు విప్పి శుభ్రం చేసుకోవడమే.

ఇంజను వేగంతో పాటు పెరిగే కూత వినిపిస్తే యాంటెన్నా పీకి చూడండి. ఇంకా వినిపిస్తోందంటే అది కరెంటు వైర్లలోంచి వస్తున్నట్టు, ఆగిపోతే యాంటెన్నా దారిన.

వంశధార_గట్టు

కారుకి సెన్సార్ ఉంది, ఇప్పుడే బానెట్ ఎత్తి చూశాను. నలుపు దాని అవతల బాడీ బోల్టుకి. జీపుకి మాగ్నెట్ బేసు, పెట్టె ప్లాస్టిక్ పలక మీద, నలుపు బ్యాటరీకి, రెండు ఫ్యూజులు. మరి బాడీకి వేసిన కారులో నల్ల వైరుకి ఉన్న ఫ్యూజు ఉంచాలా?

చంపావతి

కారులో తీసెయ్యండి. బాడీకే వేశాక అది కాపాడేదేం లేదు, వదులయ్యే జాయింటు ఒకటి ఎక్కువవుతుంది, అంతే.

నాగావళి_73

కారుకి తీసెయ్యండి. జీపుకి తీస్తే మాత్రం ఊరుకోను. ఆ ఇంజను స్ట్రాపు పనిలో పనిగా విప్పి చూసి, పోగులు తెగి ఉంటే మార్చేయండి.