111 జీవో ఊళ్లను కొత్త మాస్టర్ ప్లాన్‌లో ఇళ్ల కట్టడాలకు తెరవాలా, వద్దా?

మొయినాబాద్ రైతు:
హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ 2050కి మాస్టర్ ప్లాన్ తయారు చేస్తోంది. ఇప్పుడు నడుస్తున్నది 2013లో వచ్చిన 2031 ప్లాన్. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల ఎగువన ఉన్న మా 84 ఊళ్లకు 1996 నుంచి 111 జీవో, అంటే ఆ చెరువుల రక్షణకని కట్టడాల మీద ఆంక్షలు. లేఅవుట్ వేస్తే 60 శాతం రోడ్లకు, ఖాళీకి వదలాలి. ఎఫ్‌ఎస్‌ఐ, అంటే స్థలంతో పోలిస్తే అన్ని అంతస్తుల్లో కలిపి కట్టే విస్తీర్ణం, 0.5 దాటొద్దు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీవో 69 ఇచ్చారు, మరుసటేడు మంత్రివర్గం పూర్తిగా రద్దన్నది. ప్లాన్ మ్యాపులో జోన్ చూపే మా పొలం రంగు మాత్రం మారలేదు. బిడ్డ పెళ్లికి ఎకరం బేరం పెడితే, ఔటర్ పక్క ఊళ్లో పలికే రేటులో నాలుగో వంతు కూడా అడగలేదు. మా ఊళ్లను రెసిడెన్షియల్ జోన్‌లో పెట్టాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

లంగర్‌హౌజ్ వాసి:
అన్నా, 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన చెరువులవి. ఎగువన పొలం వాన నీళ్లను ఇంకించుకుంటుంది, సిమెంటు రోడ్డు ఇంకించుకోదు. 2025 సెప్టెంబరులో గేట్లెత్తితే మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకే వచ్చింది. మీ దగ్గర కాలనీలు లేస్తే మా బస్తీల గతేంటి?

కోకాపేట ఫ్లాట్ ఓనర్:
నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లొస్తున్నాయి కదా. ఇక్కడ ఆకాశమంత టవర్లు, కాస్త దూరంలో కట్టుకోవడానికే వీల్లేదంటే ఎలా? ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేసేవాళ్లు ఎక్కడ ఇల్లు కొనాలి?

పట్టణ ప్రణాళిక విద్యార్థి:
ఆ నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా కరెంటుతో తోడి తేవాలండీ. గండిపేట నీళ్లు వాలు మీదే ఆసిఫ్‌నగర్ దాకా వస్తాయి. అందుకే నేను తెరవొద్దనే అంటాను. అయితే ఊరికే ఆపితే ఏమవుతుందో కూడా చూస్తున్నాం. 121 గజాల గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లు అమ్ముతున్నారు, వాగుకు అడ్డంగా ప్రహరీ లేపి ఫామ్‌హౌస్‌లు కడుతున్నారు. రైతుకు రేటు రాదు, చెరువుకు నీళ్లు రావు.

రైతుకు టీడీఆర్ ఇద్దామని చాలామంది అంటారు, అంటే తన భూమిలో కట్టుకోలేని హక్కును వేరేచోట కట్టే బిల్డర్‌కు అమ్ముకునే కాగితం. ఇక్కడే అసలు చిక్కు. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐకి హద్దే లేదు. స్థలం, రోడ్డు వెడల్పు ఉంటే ఎన్ని అంతస్తులైనా లేపొచ్చు. అలాంటప్పుడు బిల్డర్ ఆ కాగితానికి మంచి ధర ఎందుకు పెడతాడు? కొత్త ప్లాన్‌లో ముందు కోకాపేట, నార్సింగి వైపు ఎఫ్‌ఎస్‌ఐకి హద్దు పెట్టాలి. అది దాటి కట్టాలంటే ఈ 84 ఊళ్ల రైతుల దగ్గరే టీడీఆర్ కొనాలి. అప్పుడు పొలం పొలంగానే ఉంటుంది, డబ్బు రైతు చేతికొస్తుంది.

కోకాపేట ఫ్లాట్ ఓనర్:
ఆ ఖర్చు ఫ్లాట్ ధర మీదే పడుతుంది.

పట్టణ ప్రణాళిక విద్యార్థి:
పడుతుంది. ఇన్నేళ్లూ ఆ భారం మొయినాబాద్ రైతు ఒక్కడే మోశాడు.

మొయినాబాద్ రైతు:
తమ్మీ, నువ్వు చెప్పింది ఆలోచించాల్సిందే. కాకపోతే కాగితం చేతిలో పెట్టి ఐదేళ్లు తిప్పితే మేమేం తినాలె? టీడీఆర్‌కు కనీస ధర ప్లాన్‌లోనే రాయాలి, ఎవరూ కొనకపోతే ప్రభుత్వమే కొనాలి. ముసాయిదా కూడా సర్వే నంబర్లతో, తెలుగులో, పంచాయతీ ఆఫీసు గోడ మీద పెట్టాలి. కామారెడ్డిలో పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించారని రైతులు రోడ్డెక్కాకే గదా, 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిల్ ఆ మాస్టర్ ప్లాన్ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. ఈ రెండూ ఉంటే మా ఊళ్లో నేనే మాట్లాడతా. లేకుంటే జోన్ మార్చాలనే అభ్యంతరం రాస్తాం.