విత్తొకటి పెడితే చెట్టొకటి... తర్వాతేమి?

(టీచర్ల ముచ్చట ఇది, ఊరి పేరు ఆ ఊరి టీచరుకు గుర్తు.)

అనంతపురం: ఎనిమిదో తరగతి గోడపత్రికకు ఒక సామెత కావాల. "విత్తొకటి పెడితే చెట్టొకటి మొలుస్తుందా" వరకు వస్తోంది. దీనికి రెండో ముక్క ఉండాల, అందులో "కాయ" అనో "కొమ్మ" అనో వచ్చేది. ఎవరికన్నా నోటికి ఉందా? శీర్షిక "అనువంశికత", అంటే తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు రావడం.

కడప: రెండో ముక్క తర్వాత చూద్దాం, ముందు శీర్షిక దిద్దండి సార్. ఆనువంశికత. "ఇక" ప్రత్యయం చేరితే తొలి అచ్చుకు వృద్ధి, అంటే అ ఆ అవుతుంది. సమాజం సామాజికమైంది, ఏడాది అనే అర్థంలో వర్షం వార్షికమైంది.

కర్నూలు: ధనం ధానికం కాలేదే అన్నా? క్షణం క్షాణికం కాలేదే?

కడప: అక్కడ వచ్చింది ఠన్ అనే వేరే సంస్కృత ప్రత్యయం, "కలది" అనే అర్థంలో. ధనం కలవాడు ధనికుడు. వంశక్రమంలో వచ్చేదానికి ఆ అర్థం ఎట్లా కుదురుతుంది?

కర్నూలు: బడి పుస్తకంలో హ్రస్వం చదివిన పిల్లోడు పరీక్షలో దీర్ఘం రాస్తే దిద్దేవాళ్లు సున్నా చుట్టకుంటే చాలు.

నంద్యాల: అచ్చు సంగతి అటుంచండి, సామెతే పాఠానికి ఎదురు తిరుగుతుంది. బఠాణీలతో అనువంశికత సూత్రాలు కనిపెట్టిన మెండెల్ 1866లో అచ్చువేసిన లెక్క చూడండి. గుండ్రటి, ముడతల రకాలను కలిపితే వచ్చిన గుండ్రటి సంకర బఠాణీలు విత్తితే 5474 గుండ్రనివి, 1850 ముడతలవి వచ్చినాయి. పెట్టింది ఒకటి, మొలిచింది రెండు తీర్లు! హైబ్రిడ్ పత్తి గింజ దాచుకొని మళ్లీ విత్తినా అంతే. లక్షణాలు విడిపోయి చేను ఒక తీరుగా రాదు.

అనంతపురం: మా బుడ్డలకు (వేరుశనగకు) మాత్రం సామెత నిలుస్తుంది. కదిరి-6 హైబ్రిడ్ కాదు, రకం. వేరుశనగ పువ్వులో దాదాపుగా స్వపరాగసంపర్కమే, అంటే తన పుప్పొడి తనకే. కళ్లంలో వేరే రకం కలవకుంటే దాచిన కాయ అదే రకంగా మొలుస్తుంది.

ప్రొద్దుటూరు: పిల్లలను తికమకపెట్టేది దీర్ఘం కాదు, డామినెంట్‌కు వాడే "ప్రబలం" అనే మాట. ప్రబలమంటే బలమైనది, కాబట్టి ఎక్కువ మందిలో ఉంటుందనుకుంటారు. ఆరో వేలు చాలా కుటుంబాల్లో బహిర్గత లక్షణంగానే వస్తుంది, అయినా ఊరికి ఎంతమందికి ఉంటుంది? "బహిర్గతం" మేలు, జతలో ఆ జన్యువు ప్రతి ఒక్కటే ఉన్నా బయటపడేది అని. "అంతర్గతం" అంటే నీరసమైనది కాదు, జతలో రెండూ అవే అయితే తప్ప పైకి కనపడనిది. ముడతల బఠాణీలో పిండిపదార్థానికి కొమ్మలు వేసే ఎంజైము పనిచేయదు. చక్కెర ఎక్కువై గింజ నీళ్లు పట్టుకుంటుంది, ఎండినప్పుడు ముడుచుకుంటుంది. మంచి ప్రతి ఒక్కటున్నా గింజ గుండ్రంగానే ఉంటుంది.

కర్నూలు: ఇది గింజలతోనే చూపించవచ్చు. డబ్బాలను తల్లీతండ్రీ అనుకోండి. రెండు డబ్బాల్లో ఒక్కోదానికి 50 ఎర్ర అలసందలు, 50 తెల్లవి. చూడకుండా ఒక్కో డబ్బా నుంచి ఒక్కోటి తీసి, జత రాసుకొని, ఎక్కడివక్కడ వేసి కలపాల. వందసార్లు తీస్తే ఎర్రజత 25, మిశ్రమం 50, తెల్లజత 25కు దగ్గరగా వస్తాయి. ఇది జన్యురూపం, అంటే లోపలి జత. ఎరుపు బహిర్గతమనుకుంటే దృశ్యరూపం, అంటే పైకి కనపడేది, 75కు 25. ఎనిమిదిసార్లకే ఆపితే ఏమైనా రావచ్చు, పిల్లలు సూత్రమే తప్పంటారు. గింజల సైజు తేడా ఉంటే వేళ్లు పసిగడతాయి, జల్లెడ పట్టి వాడండి. పొడవుకు టీ, పొట్టికి డీ అని వేరువేరు అక్షరాలు రాయనివ్వొద్దు. ఒకే అక్షరం, పెద్దదీ చిన్నదీ. అప్పుడే అవి ఒక జన్యువుకు రెండు యుగ్మవికల్పకాలని (రెండు రూపాలని) తెలుస్తుంది.

కడప: సామెత కుదరకుంటే మన వేమన ఉన్నాడు కదా. "తినగ తినగ వేము తియ్యనుండు".

ప్రొద్దుటూరు: అది సాధన గురించి. తిన్నవాని నాలుకకు అలవాటైతే కొడుక్కి వేప తియ్యగా ఉంటుందా? ఆర్జిత లక్షణాల (పుట్టినాక సంపాదించుకున్నవాటి) పాఠానికి పెట్టుకోండి. పైగా అది "తీయనుండు".

కడప: "తియ్య" అయినా "తీయ" అయినా గురువు, లఘువు ఉండే హగణమే, ఆటవెలది రెండో పాదంలో ఐదు సూర్యగణాలూ సరిపోతాయి. యతి కూడా తప్పదు. ఛందస్సును సాక్ష్యానికి పిలవొద్దు.

ప్రొద్దుటూరు: పిలవను గానీ, దీర్ఘం కోసం అంత పట్టుబట్టినవాళ్లు "తినఁగ"లో అరసున్న ఎక్కడ పారేసినారు?