మైనస్ ఓటు వేసేవాళ్లు కారణం రాసి తీరాలా?

నల్‌పాయింటర్ (చర్చ మొదలుపెట్టింది)

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక కోడింగ్ సైట్‌లో ప్రశ్న పెట్టింది. కాసేపట్లోనే మైనస్‌ల మీద మైనస్‌లు పడ్డాయి. ఎందుకో ఒక్కరూ చెప్పలేదు. ఇక ఆ సైట్ మొహం చూడనంటోంది. నా వాదన ఒక్కటే. మైనస్ నొక్కగానే కారణం రాసే పెట్టె తెరుచుకోవాలి, అది నింపితేగానీ ఓటు పడకూడదు. ప్లస్‌కి అక్కర్లేదు, మెచ్చుకున్నందుకు సంజాయిషీ ఎవరూ అడగరు. ఎదుటివాళ్ల పరువు తీసేటప్పుడు మాత్రం నోరు విప్పాలి కదా?

పాతచింతకాయ

ససేమిరా ఒప్పుకోను. ప్రోగ్రామర్లు ప్రశ్నలు, జవాబులు పెట్టుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో లెక్కే తీసుకోండి. ప్లస్ పడితే రాసినవాడి ఖాతాలో 10 పాయింట్లు చేరతాయి, మైనస్ పడితే పోయేది 2. అంటే ఒక్క ప్లస్‌తో ఐదు మైనస్‌లు చెల్లు. పైగా జవాబుకి మైనస్ వేస్తే వేసినవాడికీ 1 పోతుంది. ప్లస్ వేయడానికి 15 పాయింట్లు చాలు, మైనస్ వేయాలంటే 125 ఉండాలి. ఇన్ని బ్రేకులున్న బండికి ఇంకో బ్రేకు దేనికి?

అసలు ఓటు ఎవరిదో ఎందుకు దాచారు? కారణం కామెంట్‌గా రాస్తే పేరు బయటపడుతుంది. పేరు తెలిస్తే చాలు, కొందరు మన పాత పోస్టులన్నీ తవ్వి వరసపెట్టి మైనస్‌లు కొడతారు. ఇలా కక్షతో వేసే ఓట్లను పట్టుకుని రద్దు చేయడానికి అక్కడ ప్రత్యేకంగా ఒక స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) నడుస్తుంది. ఊరికే పెట్టరుగా.

నల్‌పాయింటర్

పేరు దాచి కారణం ఒక్కటే చూపించొచ్చుగా గురువుగారూ? రెండు పాయింట్లే కదా అని మీరనడం తేలిక. కొత్తవాళ్లు 1తో మొదలవుతారు, అంతకంటే కిందికి పోరు, కాబట్టి వాళ్లకి పోయేది పాయింట్లు కాదు. మైనస్‌లో ఉన్న ప్రశ్నలు పేరుకుపోతే కొత్త ప్రశ్న అడగనివ్వకుండా సిస్టమే ఆపేస్తుంది. కారణం తెలియకుండా ఆ గోతిలోంచి ఎలా బయటపడాలి?

టెస్టర్ సిరి

పేరు దాచిన పెట్టెలో ఏం రాస్తారో ఇప్పుడే చెప్పేస్తా: నాలుగు చుక్కలు, "బాగాలేదు", "గూగుల్ చేస్కో". సాఫ్ట్‌వేర్ తప్పులు నమోదు చేసే మా బగ్ ట్రాకర్‌లో తప్పనిసరి అని పెట్టిన ప్రతి గడిలోనూ రోజూ చూసేది ఇదే.

కానీ మైనస్ పడితే మనిషి బాగుపడతాడన్న భ్రమ కూడా వద్దు. స్టాన్‌ఫర్డ్‌కి చెందిన జస్టిన్ చెంగ్, యూరె లెస్కొవెచ్ వాళ్ల బృందం 2014లో నాలుగు వార్తా సైట్ల కామెంట్లు పరిశీలించింది. మైనస్‌లు తిన్నవాళ్లు ఊరుకోలేదు సరికదా, ఇంకా ఎక్కువ రాశారు, ముందుకంటే అధ్వానంగా రాశారు, పక్కవాళ్లకి కూడా మైనస్‌లు పంచారు.

ఎల్బీనగర్ లాగిన్

అవి వార్తల కింద కొట్టుకునే కామెంట్లు సిరి గారూ, కోడ్ ప్రశ్నలు కాదు. ఇక్కడ ఓటు మనిషి కోసం కాదు, తర్వాత వెతుక్కుంటూ వచ్చేవాడి కోసం. యూట్యూబ్ 2021 నవంబర్‌లో డిస్‌లైక్‌ల లెక్క దాచేసింది కదా, అప్పట్నుంచి వాషింగ్ మెషిన్ రిపేర్ వీడియో పనికొస్తుందో లేదో తెలియాలంటే మొత్తం చూసి చావాల్సి వస్తోంది.

సరే, అసలు ఆ ప్రశ్న ఏంటో చూపించకుండా ఇంత పంచాయితీ ఏంటి? పెట్టండి చూద్దాం.

నల్‌పాయింటర్

శీర్షిక: "అర్జెంట్!! స్ప్రింగ్ బూట్ ఎర్రర్, ప్లీజ్ హెల్ప్" (స్ప్రింగ్ బూట్ అంటే జావా ప్రోగ్రాములు రాయడానికి వాడే సాధనం). లోపల: "డియర్ సర్, నిన్నటి దాకా పనిచేసింది, ఇవాళ నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తోంది. రేపు డెమో. ముందుగానే ధన్యవాదాలు." కింద మానిటర్‌కి ఫోన్‌తో తీసిన ఫొటో, అది కూడా అడ్డంగా.

ఎల్బీనగర్ లాగిన్

నేనైతే ఇంకో మైనస్ వేసేవాణ్ని.

టెస్టర్ సిరి

అలా అనకు తమ్ముడూ. "డియర్ సర్", "ముందుగానే ధన్యవాదాలు" అని రాయకపోతే మన కాలేజీల్లో పొగరంటారు. అక్కడేమో అవన్నీ చెత్త కింద లెక్క, కనిపిస్తే ఎవరో ఒకరు ఎడిట్ చేసి తీసేస్తారు. ఆ అమ్మాయి మర్యాదగా అడుగుతున్నాననే అనుకుంది.

ఇదే ప్రశ్న ఇలా పెట్టి ఉంటే? శీర్షికలో "ఆటోవైర్డ్ ఫీల్డ్ నల్‌గా ఎందుకు వస్తోంది" అని అసలు సంగతి, అంటే స్ప్రింగ్ తనంతట తనే నింపాల్సిన చోటు ఖాళీగా ఎందుకుందని. ఎర్రర్‌ని ఫొటో తీయకుండా టెక్స్ట్‌గా కాపీ చేయడం. ప్రాజెక్ట్ మొత్తం కాకుండా ఎర్రర్ మళ్లీ తెప్పించే పదిహేను లైన్లు, ఏం రావాలి, ఏం వచ్చింది. అలా కోడ్‌ని కుదించేటప్పుడు తనకే దొరికి ఉండేదేమో: సర్వీస్ క్లాస్‌ని ఎక్కడో "న్యూ" పెట్టి సొంతంగా సృష్టించి ఉంటుంది. అలా చేస్తే ఆ ఆబ్జెక్ట్ సంగతి స్ప్రింగ్‌కి తెలియదు, ఆటోవైర్ చేయదు. ఈ ఎర్రర్‌కి మామూలుగా కారణం ఇదే, జవాబు కూడా ఏళ్ల కిందటి నుంచే ఉంది. అందుకే "డూప్లికేట్" అని మూసేస్తారు. అది కోపంతో చేసేది కాదు, జవాబున్న చోటికి దారి చూపించడమే.

బిట్ బాబాయ్

ఆలస్యంగా వచ్చా. మొదటి మైనస్ చూసి మిగతావాళ్లు గుడ్డిగా వేస్తారని ఎవరైనా అనేలోపే చెప్తున్నా: 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ప్రయోగంలో వెర్రి అనుకరణ కనిపించింది ప్లస్ వైపు. ఊరికే ఒక ప్లస్ తగిలిస్తే ఆ కామెంట్ చివరి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. అన్యాయంగా పడ్డ మైనస్‌ని మాత్రం జనమే సరిచేశారు.

నన్నడిగితే లోపం కారణం రాయకపోవడంలో లేదు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఓటు వేసి ఐదు నిమిషాలు దాటితే, పోస్ట్ ఎడిట్ అయితే తప్ప ఓటు మార్చుకోలేం. బాగానే ఉంది. కానీ ఎడిట్ అయిన సంగతి మైనస్ వేసినవాడికి ఎవరు చెప్తారు? ఆ పిల్ల పొద్దున్నే ప్రశ్నంతా తిరగరాసినా వాళ్లు మళ్లీ అటు చూడరు. "మీరు మైనస్ వేసిన ప్రశ్న మారింది, ఓసారి చూస్తారా" అని ఒక్క నోటిఫికేషన్ వెళ్తే చాలు. ఎవరి పేరూ బయటపడదు, ఎవరి మెడ మీదా కత్తి ఉండదు.

నా వరకు, బాగుచేయగలిగిన ప్రశ్నైతే ముందు కామెంట్ పెట్టి ఒకరోజు ఆగుతా. జవాబు తప్పైతే, అది అమలు చేస్తే ఎవరి డేటా అయినా పోతుందంటే, ముందు మైనస్, ఆ తర్వాతే కామెంట్.

నల్‌పాయింటర్

నోటిఫికేషన్ ఐడియాకి నా ప్లస్, బాబాయ్. కారణం విషయంలో మాత్రం పట్టు వదలను. రాయక్కర్లేదు, టిక్ పెడితే చాలు: కోడ్ లేదు, అర్థం కాలేదు, ఇప్పటికే ఉంది, తప్పు. నాలుగే.

పాతచింతకాయ

టిక్కులైతే నాకు అభ్యంతరం లేదు. ఐదోది "ఇతరములు" అని పెట్టకండి, అందరూ దాన్నే నొక్కుతారు.